పన్నెండు లైన్ల కామెంట్ ఎక్కడికి పోయింది?

మిరప తోటల్లో నల్ల తామర పురుగు గురించి యూట్యూబ్‌లో ఒక వీడియో వచ్చిందనుకుందాం. 2021-22 సీజన్‌లో గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ వైపు మిరప రైతుల్ని ముంచేసిన పురుగే అది. పూతలో దూరి రసం పీల్చేస్తుంది, పూత రాలిపోతుంది. వీడియో పెట్టిన గంటలోనే కింద కామెంట్లు వందకు చేరతాయి. ‘సూపర్ అన్నా’, ‘ఫస్ట్ కామెంట్’, ‘నంబర్ పెట్టండి’, ‘ఏ మందు కొట్టాలి’, చేతులు జోడించిన బొమ్మలు. మర్నాడు రాత్రి ఒక రైతు పొలం నుంచి ఇంటికొచ్చి, అన్నం తిని, తీరిగ్గా కూర్చుని పన్నెండు లైన్లు రాస్తాడు. నీలి రంగు జిగురు అట్టలు ఎకరానికి ఎన్ని కట్టాడో, ఎంత ఎత్తులో కట్టాడో, మందుల మీద మందులు కొట్టాక పురుగు తగ్గకపోగా ఎందుకు పెరిగిందనుకుంటున్నాడో, పక్క చేలో ఏం జరిగిందో చెబుతాడు. వీడియోలోని ఒక సలహా తన నేలలో ఎందుకు కుదరలేదో కూడా రాస్తాడు.

ఆ కామెంట్‌కి మహా అయితే రెండు లైకులు వస్తాయి. వారం తిరిగేసరికి అది నాలుగు వందల కామెంట్ల అడుగున ఉంటుంది. అదే పురుగుతో తోట పోగొట్టుకుంటున్న మరో రైతు వీడియో చూస్తాడు, కింద నాలుగైదు కామెంట్లు చూస్తాడు, ఫోన్ పక్కన పెట్టేస్తాడు. అతనికి కావలసిన మాట అదే పేజీలో ఉంది. ఇంకో ముప్పై సార్లు వేలితో జరిపి ఉంటే దొరికేది.

మంచి మాటకి విలువ లేదు, జనం అంతే అని సరిపెట్టుకోవడం తేలిక. కానీ ఇక్కడ జరిగింది అది కాదు. ఆ పన్నెండు లైన్లు చదివి ‘బాగాలేదు’ అనుకున్నవాళ్ళు ఎవరూ లేరు. చదివినవాళ్ళే లేరు. నచ్చకపోవడం వేరు, కంటపడకపోవడం వేరు. పది మంది చేరే ఆన్‌లైన్ చోట్లలో పనికొచ్చే మాటలు పోతున్నది ఎక్కువగా రెండో కారణం వల్లే. అయినా ఇన్నేళ్ళూ అందరూ తలలు పట్టుకున్నది లైకుల్ని ఎలా లెక్కపెట్టాలన్న దాని మీదే. ఏ కామెంట్‌ని ఎంతమంది చూశారన్నది ఆ లెక్కకు ముందు రావలసిన ప్రశ్న.

పల్లెల్లో రచ్చబండ దగ్గర కూడా ఈ చిక్కు ఉండేది. ముందొచ్చి కూర్చున్నవాడు, గొంతు పెద్దదైనవాడు మాట్లాడుతూనే ఉంటాడు. వెనక నిలబడ్డ మనిషి ఏదో చెప్పబోయి ఆగిపోతాడు. అప్పుడు ఎవరో ఒక పెద్దాయన ‘ఉండండ్రా, ఆయన్ని చెప్పనివ్వండి’ అంటాడు. అందరూ అటు తిరుగుతారు. ఆ మాట సరైనదా కాదా అన్నది తర్వాత తేలుతుంది. ముందు అది అందరి చెవినా పడుతుంది. అయితే ఆ రచ్చబండ దగ్గర ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారు, ఏ కులాల వాళ్ళని అసలు దగ్గరికి రానిచ్చారు అని కూడా అడగాలి. ఆ పెద్దాయన కొందరి కోసమే ‘చెప్పనివ్వండి’ అన్నాడు. కాబట్టి ఆన్‌లైన్‌లో ఆ పని ఎవరు చేయాలి, ఏ పద్ధతిలో చేయాలి అన్నది చిన్న విషయం కాదు.

దీన్ని మొదట గట్టిగా ఎదుర్కొన్న చోట్లలో స్లాష్‌డాట్ ఒకటి. 1997లో రాబ్ మాల్డా అనే అమెరికన్ విద్యార్థి మొదలుపెట్టిన టెక్నాలజీ వార్తల సైటు అది. కామెంట్లు కొద్దిగా ఉన్నన్నాళ్ళూ చెత్తని ఆయనే ఏరేసేవాడు. అవి వేలల్లోకి పోయాక 25 మందిని పెట్టుకున్నాడు, తర్వాత 400 మందిని. అదీ చాలక, మామూలు పాఠకుల చేతికే ఆ పనిని ఇచ్చాడు. రోజూ వచ్చి చదివే పాఠకుడికి అప్పుడప్పుడు ఐదు పాయింట్లు వస్తాయి. మూడు రోజుల్లో వాడకపోతే పోతాయి. ఒక్కో పాయింటుతో ఒక కామెంట్‌ని ఒక మెట్టు పైకో కిందికో జరపొచ్చు. కామెంట్ మార్కులు మైనస్ 1 నుంచి 5 వరకు ఉంటాయి. 4కి తగ్గినవేవీ నాకు చూపించొద్దు అని పాఠకుడు తనకు తాను గీత గీసుకోవచ్చు.

ఈ పద్ధతిలో మూడు విషయాలు చాలా తెలివైనవి. పాయింట్లు ఐదే కాబట్టి వాటిని వాడేవాడు ఆలోచిస్తాడు. లైక్ బటన్‌కి ఖర్చు లేదు, అందుకే దానికి బరువు లేదు. రెండోది, ఏ చర్చలో తాను మాట్లాడాడో ఆ చర్చలో పాయింట్లు వాడకూడదు. తన వాదనని తానే పైకి ఎత్తుకోకుండా, ఎదుటివాడిదాన్ని తొక్కకుండా ఈ ఒక్క నియమం ఆపుతుంది. మూడోది, పాయింటు ఇస్తూ కారణం చెప్పాలి: లోతుగా ఉందా, సమాచారం ఉందా, నవ్వించిందా, విషయానికి సంబంధం లేదా, గొడవ పెట్టడానికే రాశాడా అని.

నవ్వించిన కామెంట్ పైకి వెళ్ళేది కానీ, రాసినవాడి ఖాతాలో మాత్రం పేరు పెరగకుండా తర్వాత ఏర్పాటు చేశారు. ఇందులో న్యాయం ఉంది. అవధానంలో అప్రస్తుత ప్రసంగానికి చోటు ఉంది, అందరూ హాయిగా నవ్వుతారు. కానీ దానికి ఒక పృచ్ఛకుడే ఉంటాడు. సమస్య ఇచ్చేవాడూ, దత్తపది ఇచ్చేవాడూ అదే పని చేస్తే అవధానం సాగదు. హాస్యానికీ, సమాచారానికీ ఒకే లైక్ బటన్ పెట్టిన చోట ప్రతిసారీ హాస్యమే గెలుస్తుంది, ఎందుకంటే దానికి అర సెకను చాలు. పన్నెండు లైన్లు చదవాలంటే నిమిషం కావాలి.

స్లాష్‌డాట్ పద్ధతి పని చేసిందా? క్లిఫ్ లాంప్, పాల్ రెజ్నిక్ అనే ఇద్దరు పరిశోధకులు 2004లో దాని లెక్కలన్నీ తీసి చూశారు. మొత్తం మీద పని చేసింది, పాయింట్లు న్యాయంగానే పడుతున్నాయని సైటు జనం కూడా ఒప్పుకున్నారు. కానీ మంచివి ఏవో, చెడ్డవి ఏవో తేలేసరికి చర్చలో చాలా భాగం అయిపోతోంది. ఆలస్యంగా వచ్చినవీ, మరో కామెంట్‌కి జవాబుగా లోపల ఎక్కడో ఉన్నవీ, తక్కువ మార్కుతో మొదలైనవీ పాయింట్లు పంచేవాళ్ళ కంటికే ఆనడం లేదు. అన్యాయంగా పడ్డ మార్కుల్ని చాలాసార్లు తర్వాత ఎవరూ సరిదిద్దలేదు. మన మిరప రైతు కామెంట్‌ని ఈ జాబితాతో పోల్చి చూడండి. మర్నాడు రాత్రి వచ్చింది, కొత్త ఖాతా నుంచి వచ్చింది. ఇంత జాగ్రత్తగా కట్టిన పద్ధతిలో కూడా అది అడుగునే ఉండేది.

తర్వాతి అడుగు రెడిట్ అనే చర్చల సైటు వేసింది. 2005లో మొదలైన ఈ సైటులో మొదట్లో కామెంట్ల వరస ఒక సాదా తీసివేత మీద నడిచేది: పైకి పడ్డ ఓట్లలోంచి కిందికి పడ్డ ఓట్లు తీసేయడమే. ముందొచ్చిన కామెంట్‌ని ఎక్కువమంది చూస్తారు, చూసినకొద్దీ ఓట్లు, ఓట్లు పడినకొద్దీ పైన ఉండటం, పైన ఉన్నకొద్దీ ఇంకా ఎక్కువమంది చూడటం. ఉన్నవాడికే ఇంకా చేరుతుందన్నమాట. 2009లో దీన్ని మార్చి ‘బెస్ట్’ అనే కొత్త వరస తెచ్చారు. ఆ పద్ధతిని పాఠకులకు వివరించింది కార్టూనిస్ట్ రాండల్ మన్రో. వెనకున్న గణితం మాత్రం చాలా పాతది. ఎడ్విన్ విల్సన్ అనే అమెరికన్ గణితవేత్త 1927లో ఇచ్చిన సూత్రం అది.

దాని ఆలోచన కష్టమైనది కాదు. ఒక కామెంట్‌కి ఇప్పటిదాకా పడ్డ ఓట్లని ఎన్నికల ముందు చేసే సర్వేలా చూడాలి. పది మందిని అడిగి చెప్పే సర్వే కంటే వెయ్యి మందిని అడిగిన సర్వేని ఎక్కువ నమ్ముతాం కదా. అలాగే ఇంకా ఓటు వేయని పాఠకులందరూ చదివితే ఇది కనీసం ఎంత శాతం మందికి నచ్చుతుందని ధీమాగా చెప్పగలం అని లెక్క వేస్తారు. ఆ కనీసం అంకెని బట్టి వరస పెడతారు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఒక కామెంట్‌కి 50 ఓట్లు పైకి, 25 కిందికి పడ్డాయి. ఇంకోదానికి 12 పైకి, 1 కిందికి. పాత తీసివేత లెక్కలో మొదటిదానికి 25, రెండోదానికి 11, అంటే మొదటిదే పైన. విల్సన్ సూత్రంలో, 95 శాతం ధీమాతో, మొదటిదానికి 0.55 వస్తుంది, రెండోదానికి 0.67. వరస తారుమారు అయిపోతుంది. రెండోదాన్ని చూసిన కొద్దిమందిలో దాదాపు అందరికీ నచ్చింది, మొదటిదాన్ని చూసినవాళ్ళలో మూడో వంతు మందికి నచ్చలేదు. అలాగని ఒకే ఒక్క ఓటు పడి, వందకి వంద శాతం నచ్చినట్టు కనిపించే కామెంట్ అమాంతం పైకి ఎక్కేయదు. దాని అంకె 0.21 మాత్రమే, ఎందుకంటే ఆ ఒక్క ఓటూ స్నేహితుడిది కావచ్చు.

ఆలస్యంగా వచ్చిన కామెంట్‌కి ఇది నిజంగా మేలు చేసింది. పన్నెండు మంది చదివితే చాలు, పైకి రాగలదు. కానీ ఆ పన్నెండు మంది ఎక్కడి నుంచి రావాలి? సూత్రం ఓట్లని చక్కగా తూచగలదు, ఓట్లు లేని చోట తూచడానికి దానికేమీ ఉండదు. సున్నా ఓట్ల దగ్గర మంచి కామెంటూ చెత్త కామెంటూ ఒక్కటే. గణితం ఎంత బాగున్నా మొదటి పన్నెండు జతల కళ్ళని అది తెచ్చిపెట్టదు.

పైగా పడ్డ ఓట్లు కూడా సొంత ఓట్లేనా అన్న అనుమానం ఒకటుంది. లెవ్ ముచ్నిక్, సినాన్ అరల్, షాన్ టేలర్ 2013లో ‘సైన్స్’ పత్రికలో ఒక ప్రయోగం గురించి రాశారు. ఒక వార్తల సైటులో ఐదు నెలల పాటు వచ్చిన లక్షకు పైగా కామెంట్లలో కొన్నిటికి, చీటీ తీసినట్టు ఎంచి, పుట్టగానే ఒక ఓటు పైకి వేశారు. కొన్నిటికి ఒకటి కిందికి వేశారు. మిగిలినవాటిని ముట్టుకోలేదు. కామెంట్ బాగుందా లేదా అన్నదానితో ఆ ఓటుకి సంబంధమే లేదు. ముందుగా ఒక ఓటు పడి ఉన్న కామెంట్‌కి, దాన్ని చూసిన మొదటి పాఠకుడు కూడా పైకి ఓటేసే అవకాశం 32 శాతం పెరిగింది. చివరికి వాటి మార్కు సగటున 25 శాతం ఎక్కువగా తేలింది. కిందికి పడ్డ అబద్ధపు ఓటుని జనం చాలావరకు సరిచేసేశారు, ‘అయ్యో, ఇది ఇంత చెడ్డది కాదే’ అని పైకి వేశారు. పైకి పడ్డ అబద్ధపు ఓటుని మాత్రం ఎవరూ సరిచేయలేదు. రాజకీయాలు, వ్యాపారం, సమాజం, సంస్కృతి లాంటి విషయాల్లో ఈ మంద గుణం గట్టిగా కనిపించింది.

ఒక్క ఓటు చేసిన పని ఇది. వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టి ‘అందరూ లైక్ కొట్టండి’ అంటే పడే ముప్పై లైకులు ఏం చేస్తాయో ఊహించుకోవచ్చు.

పాటల మీద జరిగిన మరో ప్రయోగం కూడా ఇదే చెబుతుంది. మాథ్యూ సాల్గనిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ 2006లో 14 వేల మందికి పైగా జనానికి ఎవరూ ఎరగని బ్యాండ్ల 48 పాటలు వినిపించారు. కొందరికి పాటలు మాత్రమే కనిపించాయి. మిగిలినవాళ్ళని ఎనిమిది గుంపులుగా చేసి, ఎవరి గుంపులో ఏ పాటని ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో వాళ్ళకి చూపించారు. ఒక్కో గుంపులో ఒక్కో పాట హిట్ అయింది. చాలా మంచి పాట పూర్తిగా మునిగిపోవడం అరుదు, చాలా చెడ్డ పాట పైకి రావడం అరుదు. మధ్యలో ఉన్నవాటికి ఏమైనా జరగొచ్చు. కామెంట్లలో చాలాభాగం ఆ మధ్యలోనివే. అక్కడ గెలుపు ఓటముల్లో అదృష్టం వాటా పెద్దదని ఒప్పుకోవాలి.

మరి దీనికి మందు ఏమిటి? తెలిసినవి కొన్ని ఉన్నాయి, అవి ఖరీదైనవేమీ కాదు. కొత్త కామెంట్ మార్కుని కాసేపు దాచిపెట్టడం ఒకటి. రెడిట్‌లో ఒక్కో గ్రూపు నడిపేవాళ్ళు దీన్ని పెట్టుకోవచ్చు. హ్యాకర్ న్యూస్ అనే సైటు 2011 నుంచి ఇతరుల కామెంట్ల మార్కుల్ని పాఠకులకు చూపించడమే మానేసింది. అంకె కనిపించకపోతే పాఠకుడు చదివి తీరాలి. ఇంకోటి, వరసని ప్రతి పాఠకుడికీ కలగాపులగంగా మార్చి చూపించడం. రెడిట్‌లో పోటీలు పెట్టినప్పుడు వాడే పద్ధతి అదే, పేకముక్కలు కలిపినట్టు. ఎవరి కామెంట్ అయినా ఎవరో ఒకరికి మొదట్లో కనిపిస్తుంది. చర్చ మొదలైన తొలి కొన్ని గంటలు ఇలా కలిపి చూపించి, ఓట్లు కాస్త పోగయ్యాక విల్సన్ లెక్క మీదికి మారడం అన్నిటికంటే న్యాయమైన మార్గం. మొదట చూసే అవకాశాన్ని పంచాలి, లెక్క ఆ తర్వాత.

రెండో అవకాశం ఇవ్వడం మరో పద్ధతి. హ్యాకర్ న్యూస్‌లో ఎవరూ పట్టించుకోకుండా జారిపోయిన పాత లింకుల్ని మోడరేటర్లూ (చర్చల్ని అదుపులో ఉంచేవాళ్ళు), కొందరు పాఠకులూ తవ్వి, బాగున్నవాటిని మళ్ళీ మొదటి పేజీ అడుగున పెడతారు. ఈసారి నచ్చితే పైకి వెళ్తాయి, లేకపోతే లేదు. అక్కడ లింకులకి చేస్తున్న ఈ పని కామెంట్లకీ చేయొచ్చు. ‘ఆయన్ని చెప్పనివ్వండి’ అనడానికి ఇంతకంటే దగ్గరి పద్ధతి కనిపించదు. పెద్దాయన తీర్పు చెప్పడం లేదు, అందరినీ ఒకసారి ఇటు తిరగమంటున్నాడు.

కంటపడటం ఒక చిక్కయితే, ఓటు దేన్ని కొలుస్తోందన్నది ఇంకో చిక్కు. చాలామంది పైకి ఓటేసేది ‘బాగా చెప్పావు’ అని కాదు, ‘నేనూ అదే అంటున్నా’ అని. తెలుగువాళ్ళకి దీన్ని వివరించనక్కర్లేదు. ఇద్దరు హీరోల సినిమాలు ఒకే పండక్కి విడుదలైనప్పుడు రివ్యూల కింద చూస్తే చాలు. ఎటు ఫ్యాన్స్ ఎక్కువుంటే అటు మాట పైకి పోతుంది. ‘ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్‌లో ఆ ఫ్లాష్‌బ్యాక్ ఇరవై నిమిషాలు తగ్గించాల్సింది’ అని ఓపిగ్గా రాసినవాడిని రెండు వైపులవాళ్ళూ కొడతారు, లేదా రెండు వైపులవాళ్ళూ వదిలేస్తారు. రాజకీయాల సంగతి సరేసరి.

దీని మీద ఇటీవల వచ్చిన గట్టి ఆలోచన ట్విట్టర్‌లో పుట్టింది. 2021 జనవరిలో బర్డ్‌వాచ్ పేరుతో అమెరికాలో మొదలై, 2022లో కమ్యూనిటీ నోట్స్‌గా పేరు మార్చుకుంది. తప్పుదారి పట్టించే పోస్టు కింద ఎవరైనా వివరణ రాయొచ్చు, మిగతావాళ్ళు అది ఉపయోగపడిందో లేదో చెబుతారు. కానీ ఓట్లని అలాగే కూడరు. ముందు, ఎవరెవరు ఏయే వివరణలకి ఎలా ఓటేశారో పాత లెక్కలన్నీ చూసి, ఒక్కొక్కరు ఎటు మొగ్గుతారో యంత్రం అంచనా వేస్తుంది. తర్వాత ఆ మొగ్గు వల్ల వచ్చిన మెప్పుని పక్కకి తీసేస్తుంది. అది తీసేశాక ఇంకా మిగిలిన మెప్పే ఆ వివరణ సొంత విలువ. అది 0.40 దాటితే అందరికీ చూపిస్తారు. ఈ లెక్కనీ, దాని ప్రోగ్రామునీ బయటికి ఇచ్చారు, ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు.

ఊళ్ళో రెండు వర్గాలుంటే, ఒక వర్గం వాళ్ళు వంద మంది ఒప్పుకున్న మాట కంటే, ఎప్పుడూ పొసగని ఇద్దరు కలిసి ‘ఇది మాత్రం నిజమే’ అన్న మాటకి బరువెక్కువ. ఈ పాత తెలివినే ఆ లెక్క అంకెల్లో పెట్టింది. దీనికి ఖర్చూ ఉంది. రెండు వైపుల నుంచీ మెప్పు పోగయ్యేసరికి ఆలస్యం అవుతుంది, ఈలోగా అబద్ధం ఊరంతా తిరిగొస్తుంది. బాగా మండుతున్న విషయాల్లో ఆ ఒప్పుదల ఎప్పటికీ రాకపోవచ్చు. రాసిన వివరణల్లో ఎక్కువ శాతం అందరికీ కనిపించే దాకా రానేరావు. ఇంకా ముఖ్యం, ఒంటరి నిజానికి ఇది సాయం చేయదు. ఊరంతా ఒకవైపు ఉండి, ఒక్క మనిషి సరిగ్గా చెబుతుంటే, ఆ మాటని ఏ ఒప్పుదల లెక్కా పైకి తేలేదు.

అలాంటి మాట కోసం చివరికి చదివే మనిషే కావాలి. న్యూయార్క్ టైమ్స్ చాలా ఏళ్ళు ఈ దారినే నడిచింది. 14 మంది మోడరేటర్లు రోజుకి దాదాపు 11 వేల కామెంట్లు చదివేవారు. అందుకే ఆ పత్రికలో పదింట ఒక వంతు వార్తల కిందే కామెంట్లు తెరిచేవారు. 2017 నుంచి తొలి వడపోతని గూగుల్ వాళ్ళ జిగ్‌సా సంస్థ తయారు చేసిన యంత్రానికి అప్పగించి, ఎక్కువ వార్తల కింద కామెంట్లు తెరిచారు. మంచివి ఏరి, వాటికి ‘టైమ్స్ ఎంపిక’ అన్న గుర్తు పెట్టడం మాత్రం మనుషుల పనిగానే ఉంచుకున్నారు. ఆ గుర్తు మొదటిసారి వచ్చినవాళ్ళ తర్వాతి కామెంట్ ఇంకాస్త మెరుగ్గా ఉందని, ఆ ప్రభావం రానురాను తగ్గుతుందని తర్వాత పరిశోధకులు చూశారు. రాసినవాడికి ఎవరో చదివారన్న నమ్మకం కలిగితే చేయి దానంతటదే జాగ్రత్తపడుతుంది.

తెలుగులో దీనికి దగ్గరి ఉదాహరణ తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వంలో చర్చలు జరిగే పేజీ పేరే రచ్చబండ. అక్కడ లైకులు లేవు. చర్చని పై నుంచి కింది దాకా చదవాల్సిందే, మాట తూకం వాదనలో ఉంటుంది. మొదటి పేజీలో ‘ఈ వారపు వ్యాసం’ అని ఒకదాన్ని మనుషులే ఎంచి పెడతారు. రాసేవాళ్ళు కొద్దిమందే కాబట్టి ఇది నడుస్తోంది, నాలుగు లక్షల మంది వస్తే ఇలాగే నడవదు. కానీ తెలుగులో ఏదైనా ఒక విషయం మీద గట్టిగా మాట్లాడుకునే గుంపులు ఎక్కువగా చిన్నవే. పద్యాల గ్రూపు, సేద్యం గ్రూపు, డయాలిసిస్ రోగుల కుటుంబాల గ్రూపు, అమెరికా వీసా కష్టాల గ్రూపు. వీటికి పెద్ద సైటు వాళ్ళ అల్గారిథమ్ అవసరం లేదు. వారానికి ఒక గంట కూర్చుని పాత కామెంట్లు చదివే ఇద్దరు ముగ్గురు కావాలి. ఆ ఇద్దరు ముగ్గురూ ఎప్పుడూ వాళ్ళే కాకుండా నెలనెలా మారుతూ ఉండాలి. లేకపోతే పాత రచ్చబండ పెద్దాయన కథే మళ్ళీ మొదలవుతుంది, తన వాళ్ళ మాటే ఆయనకి వినిపిస్తుంది.

తెలుగుకి ఇంకో చిక్కు ప్రత్యేకంగా ఉంది. మన కామెంట్లలో పెద్ద భాగం ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. ‘బాగుంది’ అన్న ఒక్క మాటనే నాలుగైదు రకాలుగా రాస్తారు. ‘ఏ’ ఒకటి పెట్టేవాళ్ళు, రెండు పెట్టేవాళ్ళు, ‘డి’ తర్వాత ‘హెచ్’ చేర్చేవాళ్ళు. మంచి చెడులు వడకట్టే యంత్రాలు ముందు ఇంగ్లీషు చదవడం నేర్చుకున్నవి. ఇలాంటి తెలుగు దగ్గర అవి తడబడతాయి. సభ్యంగా రాసింది బూతులా కనిపించొచ్చు, బూతు జారిపోవచ్చు. వెతుకులాటలోనూ అంతే. తెలుగు అక్షరాల్లో ‘తామర పురుగు’ అని వెతికితే ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన రైతు కామెంట్ దొరకదు. పైకి రావడం సంగతి అటుంచి, ఉందని కూడా తెలియదు. మంచి కామెంట్ కనిపించినవాళ్ళు దాన్నే తెలుగు అక్షరాల్లో తిరగరాసి జవాబుగా పెట్టినా అది పెద్ద సాయమే.

కొన్నిసార్లు పైన ఉన్నదాన్ని కిందికి దించడం కూడా అవసరమే. ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడుక్కునే స్టాక్ ఓవర్‌ఫ్లోలో, 2008లో మొదలైనప్పటి నుంచీ, ప్రశ్న అడిగినవాడు ‘నాకు ఇది పనికొచ్చింది’ అని టిక్కు పెట్టిన జవాబే ఎప్పటికీ పైన ఉండేది. పదేళ్ళ తర్వాత ఆ జవాబు పాతబడిపోయినా కదిలేది కాదు, కింద ఎవరో రాసిన కొత్త, సరైన జవాబు అలాగే పడి ఉండేది. 2021లో ఆ మేకు పీకేశారు. మందుల పేర్లు, ధరలు, ప్రభుత్వ నియమాలు ఏడాదికొకసారి మారే విషయాల్లో, అన్నిటికంటే పైన కదలకుండా పిన్ చేసిన కామెంట్‌ని ఏడాదికొకసారైనా తిరిగి చూసుకోకపోతే, ఒకప్పుడు మేలు చేసిన మాటే కీడు చేస్తుంది.

మళ్ళీ మిరప తోట దగ్గరికి వద్దాం. ఆ వీడియో పెట్టిన వ్యక్తికి యూట్యూబ్ ఇచ్చిన పనిముట్లు తక్కువే. ఒక కామెంట్‌ని పైన పిన్ చేయొచ్చు, నచ్చినవాటికి గుండె గుర్తు పెట్టొచ్చు. చాలా ఛానెళ్ళలో ఆ పిన్ స్థానంలో ఛానెల్ సొంత ప్రకటనో, ‘సబ్‌స్క్రైబ్ చేయండి’ అన్న మాటో ఉంటుంది. అక్కడ ఆ రైతు పన్నెండు లైన్లు ఉండాలి. వీడియో పెట్టిన రోజు కాదు, పది రోజులాగి, వరసని ‘కొత్తవి ముందు’కి మార్చి ఒకసారి అన్నీ చదివితే అది దొరుకుతుంది. వీడియోలోని సలహాని అది కాదన్నా సరే పిన్ చేయాలి. అలా కాదన్నందుకే అది ఎక్కువ విలువైనది. ‘అట్టలు ఏ నెలలో కట్టారు’ అని దాని కింద ఒక్క ప్రశ్న అడిగితే ఆ రైతు ఇంకో పది లైన్లు రాస్తాడు. అదే ఊరివాళ్ళు ఇద్దరు వచ్చి, మా చేలో ఇలా కాలేదు అని చెబుతారు. అప్పటికి అక్కడ వీడియో కంటే పనికొచ్చేది ఒకటి తయారవుతుంది.

పైరు నాటిన నెలన్నర రెండు నెలలకి, కార్తీకంలో పూత మొదలయ్యాక, మళ్ళీ ఎవరో ఒక రైతు రాత్రిపూట ఫోన్ తెరిచి ఆ పురుగు పేరు వెతుకుతాడు. అతను చూసేది మొదటి నాలుగు కామెంట్లే.